మృదువుగా పాడినంతనే పాట చిన్నదగునా?

1980వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన విడుదలయైన 'శంకరాభరణము' చలనచిత్రమును గూర్చి తెలుగువారికి కొత్తగా పరిచయము చేయవలసిన పని లేదు. ఏడిద నాగేశ్వరరావు నిర్మాణమున, కె. విశ్వనాథ్ దర్శకత్వమున వెలువడిన ఆ చిత్రమున పేరుమోసిన కథానాయకుడు లేడు. వయసు మళ్లిన సంగీత విద్వాంసుడొకడు నాయకుడు. ఆ పాత్రను ధరించిన జె.వి. సోమయాజులు నాటకరంగమునుండి వచ్చినవాడు. తొలిదినములలో పలుచగా నుండిన ప్రేక్షకులు కొలది దినములకే కిక్కిరిసిరి. తమిళ, కన్నడ దేశములలో సైతము ఆ చిత్రము తెలుగు మాటలతోనే ఆడెను. దాని పాటలు పెండ్లి పందిళ్లకు, దేవాలయముల మైకులకు, రేడియోకు, వంటయిండ్లకు చేరెను.

ఆ పాటలలో కొన్ని వేటూరి సుందరరామమూర్తి అప్పటికప్పుడు రచించినవి. కొన్ని మాత్రము పూర్వులవి. మైసూరు వాసుదేవాచార్యుల 'బ్రోచేవారెవరురా', సదాశివ బ్రహ్మేంద్రుల 'మానస సంచరరే', భద్రాచల రామదాసు 'పలుకే బంగారమాయెనా' అట్టివి. విద్వాంసుల కచేరీలలో తరతరములుగా వినబడుచున్న ఈ కీర్తనలను ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము, వాణీ జయరాం కె.వి. మహదేవన్ సంగీత నిర్వహణమున మెత్తగా, నెమ్మదిగా, సామాన్యుని చెవికి బరువు తోపకుండునట్లు పాడిరి. లక్షలమంది ఆ పాటలను తమ యింటి పాటలుగా చేసికొనిరి. నాలుగు దశాబ్దములు గడచినను ఆ మమకారము తగ్గలేదు.

ఇచ్చట ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. మూలమును వినక, దాని కష్టమెరుగక, ఎవరో మృదువుగా మరల పాడినదానిని విని దానినే పాటయని ప్రేమించుట సరియైన ప్రేమయేనా? అట్టి ప్రేమవలన మూలకర్తకు అన్యాయము జరుగుచున్నదా? లేక, ప్రేమను ఈ విధముగా తూకమువేయుటయే అన్యాయమా? ఇది సంగీతమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. పెద్దల సొత్తును చిన్నలు తాకునప్పుడెల్ల, పండితుని సొత్తును పామరుడు తాకునప్పుడెల్ల ఈ ప్రశ్న తలయెత్తును.

మొదట ఆక్షేపించువారి మాటను ఆదరముతో వినవలెను. వారనునది అసూయతో అనునది కాదు. 'బ్రోచేవారెవరురా' ఖమాసు రాగమున, ఆదితాళమున నడచు కృతి. దానిని రచించిన వాసుదేవాచార్యులు 1865లో మైసూరున జన్మించి 1961 వరకు జీవించిన మహనీయుడు. మహారాజు ఆదరణమున తిరువయ్యారు వెళ్లి పట్నం సుబ్రహ్మణ్యయ్యరు సన్నిధిని విద్య నేర్చెను. ఆ అయ్యరు మానంబుచావడి వేంకటసుబ్బయ్యకు శిష్యుడు; వేంకటసుబ్బయ్య త్యాగరాజస్వామికి శిష్యుడు. కన్నడ దేశమున పుట్టి, తెలుగున, సంస్కృతమున కృతులు రచించి, వార్ధక్యమున మదరాసు కళాక్షేత్రమున పిల్లలకు పాఠము చెప్పిన ఆచార్యుడాయన. ఒక్క కృతి వెనుక ఇంత గురుకులమున్నది. కచేరీలో విద్వాంసుడు ఈ కీర్తనను ఎత్తికొనునప్పుడు ముందు రాగమును ఆలపించును; సంగతులను ఒకదానిపై ఒకటి పేర్చును; స్వరకల్పన చేయును. ఒకే మాట పలుమారులు తిరిగివచ్చునప్పుడు ప్రతిసారి దానిలోని ఆర్తి ఒక మెట్టు పైకెక్కును. చలనచిత్రమున అంత విస్తారమునకు తావెక్కడిది? కొన్ని నిమిషములలో ముగియవలెను, వాద్యబృందము తోడుండవలెను, కథ ముందుకు సాగవలెను. కావున అది మూలముయొక్క నీడయే గాని మూలము కాదని వారి వాదము. నీడయందు కూర్చున్నవాడు చల్లగా నున్నదని సంతసించుట తప్పు కాదు. నీడనే చెట్టనుకొనుట తప్పు అని వారందురు.

విచిత్రమేమనగా ఆ చిత్రము తానుగా ఈ ఆక్షేపకుల పక్షముననే నిలుచున్నది. చూచినవారెవ్వరును ఆ సన్నివేశమును మరువరు. ఒక సంగీతోపాధ్యాయుడు ఈ 'బ్రోచేవారెవరురా' కీర్తననే కొత్తపోకడలతో వికారముచేసి బోధించుచుండగా శంకరశాస్త్రి విని సహింపలేకపోవును. ఆకలిగొన్న బిడ్డ తల్లిని పిలుచు పిలుపు వేరు, దెబ్బతిన్న బిడ్డ పిలుచు పిలుపు వేరు. ఒక్కొక్క అనుభవమునకు తనదైన నాదమున్నది. దానిని తోచినట్లు మార్చుటకు నీవెవ్వడవని ఆయన మందలింపు సారాంశము. అదే చిత్రమున ఆయన నోట అదే కీర్తన వినబడును. ఆ గొంతు బాలసుబ్రహ్మణ్యముది. శాస్త్రీయ సంగీతమును తాను గురుముఖమున క్రమముగా అభ్యసింపలేదని పలుమారులు నిస్సంకోచముగా చెప్పుకొన్న గాయకుడాయన! మార్పును నిందించు పాత్రకు గొంతునిచ్చినవాడు, పండితుల దృష్టిలో, మార్చి పాడినవాడే. ఈ వైరుధ్యమును చూచి కొందరు నవ్వుదురు. నవ్వి విడువదగినది కాదు. ప్రశ్నకు సమాధానము ఈ వైరుధ్యమునందే దాగియున్నది.

మూలము, మూలము అని పలుకుచున్నాము. అది ఎక్కడ నున్నది? ఖమాసు రాగమునే చూడుడు. హరికాంభోజి జన్యమైన ఈ రాగమును త్యాగరాజస్వామి వాడిన విధమున కైశికి నిషాదమొక్కటే కలదని లక్షణజ్ఞులు చెప్పుదురు. తరువాతి కాలమున జావళులు ఆ రాగమును తమదిగా చేసికొన్నవి. ఆ వేడుకలో కాకలి నిషాదము కూడ వచ్చి చేరినది. వాసుదేవాచార్యుల కాలమునకు ఖమాసు ఈ మెత్తదనమును సంతరించుకొనియే యుండెను. త్యాగరాజ పరంపరకు చెందిన శిష్యుడే ఆ పరమగురువు ఖమాసును ఉన్నదున్నట్లు నిలుపలేదన్నమాట. ఆయనను ఎవ్వరును నిందింపరు. నిందింపరాదు కూడ. జావళీల శృంగారమునకు అలవడిన రాగమును తెచ్చి, దిక్కులేని భక్తుని మొరకు దానిని ఒప్పించుట సామాన్యమైన కార్యమా?

రామదాసు విషయము మరియు స్పష్టము. కంచెర్ల గోపన్న గోలకొండ చెరలో తన రామునికి ఏ వరుసలో మొరపెట్టుకొనెనో నేడు ఎవ్వరు చెప్పగలరు? ఆ కీర్తనలు భజనగోష్ఠులలో, బిచ్చగాండ్ర కంఠములలో, ముత్తైదువల నోళ్లలో నూరేండ్లకు పైగా ఒరిపిడి తిన్నవి. వానిలో పెక్కింటికి మంగళంపల్లి బాలమురళీకృష్ణ తన ప్రతిభతో వరుసలు కూర్చి, పాడి, దేశమంతట వ్యాపింపజేసెను. నేడు మనము రామదాసు కీర్తనయని వినునది చాలమట్టుకు ఒక మహాగాయకుడు మనకొసగిన రూపము. అది కూడ మరల పాడిన పాటయే. దానిని మూలమని నెత్తిన పెట్టుకొని, దాని తరువాత వచ్చిన వాణీ జయరాం గానమును మాత్రము నీడయని త్రోసివేయుటకు హద్దు ఏ సంవత్సరమున గీయవలెను?

మెత్తదనమును గూర్చి కూడ కొంత నిజము చెప్పుకొనవలసియున్నది. మైకు రాకపూర్వము గాయకుడు సభ చివరి వరుసవరకు తన గొంతును తానే మోయవలసి యుండెను. అందుచేత ఎత్తైన శ్రుతి, గట్టి గొంతు గొప్పవిగా ఎంచబడెను. మైకు వచ్చిన పిదప శ్రుతులు దిగినవి. గొంతు విప్పి అరవవలసిన అక్కర తీరినది. చలనచిత్రమున నేపథ్యగాయకుడు మైకుకు జానెడు దూరమున నిలిచి, గుసగుసను సైతము వేలమందికి వినిపింపగలడు. కావున ఆ మృదుత్వములో గాయకుని సుగుణమెంత, యంత్రము చేసిన సాయమెంత అని విడదీయుట సులభము కాదు. మృదువుగా పాడినవాడెల్ల వినయశీలి యనియు, గట్టిగా పాడినవాడెల్ల అహంకారియనియు తలచుట అమాయకత్వము.

అయినను యంత్రము అందరికిని ఒకటే కదా! అదే మైకు ముందర నిలిచి పాడినవారెందరు మరపునకు వచ్చిరో లెక్కలేదు. ఈ పాటలు నిలిచినవి. ఎందులకు?

బసవేశ్వరుని వచనమొకటి ఇచ్చట స్మరింపదగినది. తాళమానముల లెక్కలు తనకు తెలియవని, తన హృదయము ఒలిచినట్లు కాక ఒలిసినట్లు పాడుదునని ఆయన భావము. అనగా ప్రేమ ఎట్లు నడపిన అట్లు పాడుదునని. ఈ వచనమును మన సభలలో తరచుగా ఉదాహరింతురు. ఉదాహరించి, దానిని ఆధారముగా చేసికొని, అపశ్రుతిలో పాడినను భక్తియున్న చాలునని తేల్చివేయుదురు. ఇది పొరపాటు వ్యాఖ్యానము. బసవన్న 'నాకు తెలియదు' అనెను. 'నాకు అక్కరలేదు' అనలేదు. ఈ రెంటికి నడుమ ఆకాశమునకు భూమికి నడుమనున్నంత ఎడము కలదు. తెలియదనువాడు ఒక పెద్దతనము ఎదుట తల వంచుచున్నాడు. అక్కరలేదనువాడు దాని ఎదుట కాలు చాపుచున్నాడు. మొదటివానిది మృదుత్వము. రెండవవానిది తేలికదనము. వినుటకు రెండును ఒక్కవిధముగానే తోపవచ్చును. ఆచరణమున మాత్రము వేరు.

బాలసుబ్రహ్మణ్యము చేసినది ఏమి? మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చుండి, ఒక్కొక్క సంగతిని పిల్లవాడు పలకమీద అక్షరము దిద్దినట్లు దిద్దెను. అప్పటికే వేలకొలది పాటలు పాడిన పేరుగల గాయకుడు తనకు రానిదానిని రానిదని ఒప్పుకొని నేర్చుకొనుట చిన్న విషయము కాదు. పాటను తన గొంతుస్థాయికి దింపుకొనుట కాదు ఆయన చేసినది. తన గొంతు చేరగలిగినంతవరకు పాటవైపునకు ఎక్కెను. చేరలేనిచోట గమకపు గారడీతో కప్పిపుచ్చక ఆగెను. ఆ ఆగుటయే వినువానికి మెత్తదనముగా తోచినది. వాణీ జయరాం మార్గము వేరు. ఆమె శాస్త్రము బాగుగా తెలిసినది. తెలిసినను ఆ తెలివిని వినువానిముందు కుప్పపోయలేదు. ఒకరు లేనిదానిని ఉన్నట్లు చూపలేదు, మరియొకరు ఉన్నదానిని ఆడంబరముగా చూపలేదు. ఆ చిత్రమునకు మహదేవన్, బాలసుబ్రహ్మణ్యము, వాణీ జయరాం ముగ్గురికిని జాతీయ పురస్కారములు లభించినవి. ఆ పురస్కారము పట్టుదలకు వచ్చినదనుకొన్నను తప్పులేదు.

కావున శ్రోతల ప్రేమ సరియైనదా కాదా యని విచారించుటకుముందు, వారు దేనిని ప్రేమించిరో విచారింపవలెను. వారు సులభమైనదానిని ప్రేమించినారని ఆక్షేపకులందురు. సులభమైన పాటలు ఆ యేడు ఎన్ని రాలేదు? అవన్నియు ఎక్కడ? శ్రోతకు ఖమాసు పేరు తెలియకపోవచ్చును, నిషాదములెన్నియో తెలియకపోవచ్చును. కాని తన ఎదుట పాడువాడు పాటను ముందుపెట్టి తాను వెనుక నిలిచినాడా, తాను ముందు నిలిచి పాటను వెనుకకు నెట్టినాడా అన్నది అతనికి తెలియును. ఇది శాస్త్రజ్ఞానము కాదు. ఇంటికి వచ్చిన చుట్టము భోజనము కొఱకు వచ్చెనో, మనకొఱకు వచ్చెనో గృహిణికి తెలిసినట్లే తెలియును.

గృహిణి యనగా జ్ఞాపకము వచ్చుచున్నది. ఊరూర జరుగు ముచ్చట యొకటి. ఒక ఇల్లాలు పనిపాటలలో 'మానస సంచరరే' యని సన్నగా పాడుకొనుచుండును. సినిమాలో విన్నది, అంతకు మించి ఆమెకు తెలియదు. సదాశివ బ్రహ్మేంద్రులెవరో, ఆయన మౌనవ్రతమేమో, కావేరీతీరమున నెరూరునందు ఆయన సమాధి కలదనియో ఆమె యెరుగదు. ఇంటికి వచ్చిన బంధువొకడు, సంగీతము తెలిసినవాడు, ఆమె పాట విని చిరునవ్వు నవ్వి, "ఇది సినిమా వరుసమ్మా! అసలుది ఇట్లుండదు. సామరాగమును ఇట్లు నలిపివేసినారు" అనును. తప్పేమియు పలుకలేదు, ఆయన జ్ఞానము సత్యమైనదే. కాని ఆనాటినుండి ఆ ఇల్లాలు ఇతరులు వినునట్లు పాడదు. పాట ఆమె పెదవులదాక వచ్చి వెనుకకు మరలును. పిల్లలు ఆ పాటను ఆమె నోట వినక పెరుగుదురు.

ఇచ్చట ఎవరు ఎవరికి అన్యాయము చేసిరి? ఆమె సదాశివ బ్రహ్మేంద్రునికి చేసిన అపచారమేమి? ఆయన పాటను ఆమె అనుదినము తలచుచుండెను. ఆ తలపును నిలిపివేసినవాడు ఆయన పక్షమున మాటలాడితిననుకొనుచున్నాడు! తెలిసినవాడు చేయు హింసలలో ఇది మిక్కిలి సున్నితమైనది. రక్తము కనబడదు, కేక వినబడదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణమున శరణులు సంస్కృతము తెలియని మడివాలునకు, చెప్పులు కుట్టువానికి, కట్టెలు కొట్టి తెచ్చువానికి నోరు విప్పి మాటలాడు స్థానమునిచ్చిరి. వారి వచనములలో వ్యాకరణదోషములు వెదకువాడు అనుభవమంటపము గడపవద్దనే నిలిచిపోయియుండును. అందులకు వ్యాకరణము చెడ్డదని అర్థము కాదు. వ్యాకరణమునకును ఒక వేళయున్నది.

ఇంతవరకు శ్రోతల పక్షమున మాటలాడినను, వారికి ఋణము లేదనుట కాదు. ఉన్నది. అది శాస్త్రజ్ఞానము కాదు, పేరు. 'బ్రోచేవారెవరురా' ఎవరిదని అడిగిన 'శంకరాభరణములోనిది' యని వచ్చు జవాబే నేటికిని ఎక్కువ. మరికొందరు త్యాగరాజుదందురు, రామదాసుదందురు. కృతి చివర వాసుదేవ ముద్ర స్పష్టముగానే యున్నది. ఆచార్యుడు తన పేరును దైవనామముతో కలిపి అందులో నిలిపెను. అయినను దైవమును గుర్తించినవారు రచయితను గుర్తింపరైరి. ఇది నిజమైన అన్యాయము. నేడు చేతిఫోనులో ఆ పాటను వినువారికి చిత్రము పేరు, నటుని ముఖము కనబడును. రచయిత పేరు అనేకపర్యాయములు కనబడదు. పాటను మెత్తగా మార్చుటవలన వాసుదేవాచార్యులకు నష్టము కలుగలేదు. ఆయన పేరు రాలిపోవుటవలన కలిగినది.

వీరశైవులకు ఈ విషయము సులభముగా బోధపడవలెను. ప్రతి వచనమునకు అంకితమున్నది. కూడలసంగమదేవుని పేరు వినగానే అది బసవన్నదని, చెన్నమల్లికార్జునుని పేరు వినగానే అక్క మహాదేవిదని పల్లెటూరి వృద్ధుడు కూడ చెప్పగలడు. వచనములకు స్థిరమైన వరుసలు లేవు. ధారవాడ ప్రాంతపు మహాగాయకుడు మల్లికార్జున మన్సూర్ (1910–1992) హిందూస్థానీ రాగములలో వచనములను పాడెను. అంతకుముందును తరువాతను ఎందరో తమకు తోచిన రాగములలో పాడిరి. రాగము మారినది, గొంతు మారినది, శ్రోతలు మారిరి. అంకితము మాత్రము మారలేదు. పాడువాడు దానిని విడిచిపెట్టడు. పెట్టినచో ఆ వచనము తల్లి పేరు చెప్పలేని బిడ్డ వంటిదగును. ఇంత చిన్న కట్టుబాటు ఎనిమిదివందల యేండ్లు పనిచేసినది. మూలకర్తకు గౌరవము మిగిలినది, పాడువానికి స్వేచ్ఛయు మిగిలినది.

మన సాహిత్యమునను ఇట్టి యుదాహరణము కలదు. పాల్కురికి సోమనాథుడు జానుతెనుగున ద్విపదగా బసవపురాణము రచించెను. 1369లో భీమకవి దానిని కన్నడమున షట్పదిగా మలచెను. కన్నడ దేశమున ఇంటింట చదువబడినది భీమకవి గ్రంథము. ఆ ప్రేమ దొంగిలించిన ప్రేమయని ఎవరైన అనిరా? పాల్కురికి పేరును కన్నడిగులు మరువలేదు; భీమకవిని తెలుగువారు నిందింపలేదు. ఇక తెలుగుననే పిడుపర్తి సోమనాథుడు ఆ ద్విపదను పద్యకావ్యముగా మార్చెను. ఇది తలక్రిందుల ప్రయత్నము. తేలికగా నున్నదానిని బరువు చేయుట. పండితులకు ప్రీతికరమైనదే. కాని నేటికిని జనుల నాలుకమీద ఆడుచున్నది పాల్కురికి ద్విపదయే. మరల చెప్పుటవలన గొప్పతనము పెరుగుననిగాని, తరుగుననిగాని నియమము లేదనుటకు ఈ రెండు గ్రంథములే చాలును.

ఇంకొక శంక మిగిలియున్నది. ఇది అన్నిటికంటె గట్టిది. మృదువైన పాట మూలమునకు దారి చూపు మెట్టు కావలెను కదా, మెట్టుమీదనే కూర్చుండిపోయినవాని గతి యేమి? బాలసుబ్రహ్మణ్యముతో మొదలుపెట్టి బాలసుబ్రహ్మణ్యముతోనే ముగించినవాడు కచేరీ గుమ్మము ఎన్నడును త్రొక్కకపోవచ్చును. ఆతనికి ఏదియో లోటు జరిగినదనుట నిజమే. ఆతడు ఖమాసును నలుబది నిమిషములు విననేలేదు. ఒక మాట ఇరువదిమార్లు తిరిగివచ్చి ఇరువదియొకటవసారి గుండెను తాకుట యెట్లుండునో ఎరుగడు. ఆ లోటును మమకారము పూడ్చదు. దానిని లేదనుట శ్రోతను ముఖస్తుతి చేయుట యగును. కాని ఆ మెట్టును తీసివేసినచో ఆతడు పైకెక్కునా? నేలమీదనే యుండును. 1980కి పూర్వము ఆతని తండ్రి నేలమీదనే యుండెను. మెట్టుమీద కూర్చున్నవానిని చూచి కోపించుటకంటె, ఆ ప్రక్కనే మరియొక మెట్టున్నదని మెల్లగా చెప్పుట మేలు. చెప్పువాని గొంతు కూడ మృదువుగా నుండవలెను; అది కూడ ఒక విధమున మరల పాడుటయే కదా.

బాలసుబ్రహ్మణ్యము 2020 సెప్టెంబరు 25న కన్నుమూసెను. 2023 ఫిబ్రవరి 2న, తన చిత్రము విడుదలయైన తేదీనాడే, విశ్వనాథ్ మరణించెను. రెండు దినములకు వాణీ జయరాం వెడలిపోయెను. పాట మాత్రము రెండు త్రోవలను నడచుచునే యున్నది. నేడు ఏ కచేరీలోనైన విద్వాంసుడు 'బ్రోచేవారెవరురా' యని ఎత్తుకొనగానే సభలో ఒక కదలిక కలుగును. తలలు ఊగును, చేతులు తొడలమీద తాళము వేయనారంభించును. వారిలో కొందరి మనసున మెదలునది మైసూరు ఆచార్యుని రూపము, కొందరి మనసున మెదలునది సోమయాజులు ముఖము. వేదికమీదనున్న విద్వాంసునికి ఎవరు ఎవరో తెలియదు. ఆయన ఆ కదలికను చూచి, రెండవ సంగతికి మరికొంత ఉత్సాహముతో సాగును.